ఇంటి చెత్త రీసైక్లింగ్‌కి పెట్టే పన్నుల డబ్బు గిట్టుబాటవుతోందా?

#1 పదహారణాలు

అందరికీ నమస్కారం. ఇళ్ల నుంచి కాగితం, ప్లాస్టిక్, గాజు, డబ్బాలు విడిగా తీసుకెళ్లి రీసైక్లింగ్ చేయించడానికి మున్సిపాలిటీలు పెట్టే ఖర్చు ఆ పనికి తగినదేనా? సూటిగా అడుగుతున్నాను, సూటిగానే చెప్పండి.

చెత్త ఖర్చు చిన్నదేం కాదు. ప్రపంచ బ్యాంకు 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం పేద దేశాల్లో మున్సిపల్ బడ్జెట్‌లో దాదాపు 20 శాతం, మధ్యస్థ ఆదాయ దేశాల్లో 10 శాతం పైన, సంపన్న దేశాల్లో 4 శాతం దాకా చెత్తకే పోతోంది. రీసైక్లింగ్ అంటే దాని మీద ఇంకో బండి, ఇంకో డబ్బా, వేరుచేసే ప్లాంటు, అందులో పనిచేసేవాళ్ల జీతాలు. చివర్లో సరుకు అమ్మితే చాలాచోట్ల ఈ ఖర్చులో కొంతే వెనక్కి వస్తుంది.

పైగా అసలు ఈ ఉత్సాహం మొదలైన తీరు చూడండి. 1987లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐస్లిప్ నుంచి మూడు వేల టన్నుల పైచిలుకు చెత్తతో ఒక బార్జి బయల్దేరింది. ఏ రేవూ దించుకోనివ్వలేదు. మెక్సికో, బెలీజ్ దాకా వెళ్లి, నెలల తరబడి తిరిగి, చివరికి వెనక్కే వచ్చింది. ఆ చెత్తని బ్రూక్లిన్‌లో కాల్చారు. అది టీవీలో చూసి చెత్త పోసే చోటే లేదని దేశమంతా హడలిపోయింది. నిజానికి దేశం మొత్తం మీద చోటుకి కొరత లేదు.

తర్వాత 2018 జనవరిలో చైనా విదేశీ ప్లాస్టిక్ చెత్తకీ, కలగలుపు కాగితానికీ తలుపులు మూసేసింది. కొనేవాళ్లు లేక అమెరికా నగరం ఫిలడెల్ఫియాలో జనం విడిగా వేసినదాంట్లో దాదాపు సగం కొన్నాళ్లు కాల్చే ప్లాంటుకి పోయింది. అక్కడి జనం విడిగా సేకరించడానికోసారి, కాల్చడానికోసారి, రెండుసార్లు డబ్బు కట్టినట్టే కదా?

#2 కాగితంపడవ

అన్నిటినీ డబ్బుతోనే తూచితే ఎలాగండీ? వీధిదీపం లాభం తెచ్చిపెడుతుందా? చెత్త తీయడం కూడా అలాంటి సేవే. పూడ్చిపెడితే మాత్రం ఉచితమా?

#3 పదహారణాలు

వీధిదీపం వేస్తే వెలుగొస్తుంది, కళ్లకి కనిపిస్తుంది. రీసైక్లింగ్ చేస్తే ఏమొస్తుందో అలాగే చూపించమని అడుగుతున్నాను. డబ్బంటే నోట్లు మాత్రమే కాదు కదా. రెండో బండి తాగే డీజిల్, దాని వెనక నడిచే మనిషి కష్టం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ డబ్బు పెట్టి తాగునీటి పైపులు మార్చొచ్చు, బడికి గదులు కట్టొచ్చు. పర్యావరణం పేరు చెబితే లెక్క అడగకూడదంటే నేను ఒప్పుకోను.

పూడ్చడం ఉచితం కాదన్నది నిజమే. ఆ తేడా ఎంతో చెప్పండి, వింటాను.

#4 ఇనుపసామాను

పదహారణాలు గారూ, "రీసైక్లింగ్" అని ఒకే మూట కట్టి అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. అందులో నాలుగైదు వేర్వేరు వ్యాపారాలున్నాయి. నేను పాతిక ఏళ్లుగా తుక్కు లోహాల రంగంలో ఉన్నాను, నాకు తెలిసింది చెబుతాను.

ముందు అల్యూమినియం. బాక్సైట్ అనే ఖనిజం తవ్వాలి, అందులోంచి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, తీయాలి. అల్యూమినా నేరుగా కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అందుకని కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపి, 950 డిగ్రీల దగ్గర కరెంటు పంపి లోహాన్ని విడదీస్తారు. 1886లో హాల్, ఎరూ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పోతుంది. అదే పాత క్యాన్ అయితే 660 డిగ్రీలకి కరుగుతుంది, పని అయిపోయింది. శక్తిలో 95 శాతం దాకా ఆదా. ఎన్నిసార్లు కరిగించినా లోహం లోహమే. అందుకే మార్కెట్ ఎంత పడిపోయినా అల్యూమినియం క్యాన్ల బేలుకి (అదిమి కట్టిన మూటకి) కొనేవాడు దొరుకుతాడు. వీటిని పూడ్చిపెట్టడం అంటే డబ్బు పూడ్చిపెట్టడమే.

ఉక్కు డబ్బాలు తర్వాత. అయస్కాంతం పెడితే చాలు, చెత్తలోంచి వాటంతటవే లేచొస్తాయి. వేరుచేసే ఖర్చు దాదాపు లేనట్టే. ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో కరిగిస్తే ముడి ఖనిజంతో పోలిస్తే సగం పైన శక్తి మిగులుతుంది.

అట్టపెట్టెలకి కూడా గిరాకీ ఉంది. కాకపోతే కాగితం పీచు తిప్పిన ప్రతిసారీ పొట్టిదవుతుంది. ఐదు నుంచి ఏడుసార్లు తిప్పాక ఇక పనికిరాదు. కొత్త పీచు కలుపుతూ ఉండాల్సిందే. తడిసిన కాగితం, జిడ్డు పట్టిన కాగితం మొదటిసారికే పనికిరావు.

గాజు దగ్గరికొచ్చేసరికి మీ వాదనకి బలం ఉంది. గాజు కూడా ఎన్నిసార్లైనా కరుగుతుంది. కానీ ముడిసరుకు ఇసుక, చవక. కొత్త గాజైనా పాతదైనా కొలిమి 1500 డిగ్రీల దగ్గరికి పోవాల్సిందే. పాత గాజు పది శాతం కలిపితే శక్తి ఆదా అయ్యేది రెండు మూడు శాతం మాత్రమే. బరువెక్కువ, ధర తక్కువ. గాజు ఫ్యాక్టరీ దగ్గర్లో లేకపోతే రవాణాకే అంతా సరిపోతుంది.

ప్లాస్టిక్ గురించి చెప్పను. అది నా రంగం కాదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

#5 వానచినుకు

గాజు గురించి ఇలా ఎవరూ చెప్పలేదండీ. మరి గిట్టుబాటు కాకపోతే ఎందుకు తీసుకుంటున్నారు?

#6 బ్యాలెన్స్‌షీట్

వానచినుకు గారూ, గిట్టుబాటు అన్నది దేనితో పోలుస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్థానిక సంస్థల ఖాతాలు చూసే ఉద్యోగం నాది. ఈ చర్చ ఎక్కడ జరిగినా జనం పప్పులో కాలేసేది ఇక్కడే.

బడ్జెట్ పుస్తకంలో "రీసైక్లింగ్" అని ఒక పద్దు ఉంటుంది, దాని ఎదురుగా ఖర్చు కనిపిస్తుంది. ఆ టన్నులు డంపింగ్ యార్డ్‌కి పోనందువల్ల మిగిలిన డబ్బు మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు. ఖర్చు పెట్టనిదాన్ని ఎక్కడ రాస్తారు? కాబట్టి రీసైక్లింగ్ పద్దుని సున్నాతో పోల్చి "ఇంత నష్టం" అనేస్తారు. పోల్చాల్సింది అదే టన్ను చెత్తని మామూలు బండిలో ఎత్తి, తీసుకెళ్లి, పారవేయడానికి అయ్యే ఖర్చుతో.

న్యూయార్క్ నగరం ఈ ప్రయోగాన్ని నిజంగానే చేసింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఖజానా ఖాళీ. మేయర్ బ్లూంబర్గ్ 2002 జులైలో ప్లాస్టిక్, గాజు సేకరణ ఆపేశారు. లోహం, కాగితం కొనసాగించారు. పెద్ద మొత్తం మిగులుతుందని అంచనా. మిగిలింది అంతకన్నా బాగా తక్కువ. ఎందుకంటే నగరానికున్న సొంత డంపు, 1948 నుంచి నడిచిన ఫ్రెష్ కిల్స్, 2001 మార్చిలోనే మూతపడింది. ఆపేసిన ప్లాస్టిక్, గాజు మామూలు చెత్తలో చేరి, డబ్బు కట్టి వేరే రాష్ట్రాలకి పంపాల్సిన బరువుగా మారాయి. బండ్లు మాత్రం కాగితం, లోహం కోసం ఆ వీధుల్లో తిరగాల్సిందే, సగం నిండి తిరిగాయి. ఏది వేయాలో ఏది వద్దో తెలియక జనం వేయడమే తగ్గించారు. 2003లో ప్లాస్టిక్, 2004లో గాజు మళ్లీ మొదలుపెట్టారు.

అంటే ఫ్రెష్ కిల్స్ తెరిచి ఉండుంటే లెక్క వేరుగా వచ్చేది. అదే ప్లాస్టిక్, అదే గాజు, అదే బండి. మారింది పారవేసే ఖర్చు ఒక్కటే.

బ్రిటన్‌లో ప్రభుత్వమే ఆ ఖర్చుని కావాలని పెంచింది. 1996లో ల్యాండ్‌ఫిల్ పన్ను టన్నుకి 7 పౌండ్లతో మొదలైంది, ఇప్పుడు వంద దాటింది. అక్కడ పూడ్చడం కన్నా రీసైక్లింగ్ చవకగా కనబడుతుందంటే అందులో ఈ పన్ను వాటా ఉంది. అది సహజమైన ధర కాదని పదహారణాలు గారు అనొచ్చు. అయితే పూడ్చిన చోటు నుంచి కారే మురుగునీరు, మీథేన్, మూసేశాక దశాబ్దాల కాపలా, ఇవేవీ గేటు దగ్గర కట్టించుకునే రుసుములో పూర్తిగా ఉండవు. అమెరికా నిబంధనల ప్రకారం మూసేసిన డంపుని మామూలుగా 30 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఆ బిల్లు అప్పుడు పన్ను కట్టేవాళ్ల మీద, అంటే మన పిల్లల మీద పడుతుంది.

#7 పదహారణాలు

ధన్యవాదాలు, నాకు కావలసింది ఇలాంటి జవాబే. కానీ ఇది నా అనుమానాన్ని కొట్టిపారేయడం లేదు, ఇంకా గట్టి చేస్తోంది. పారవేసే ఖర్చు ఎక్కువున్న చోట గిట్టుబాటు, తక్కువున్న చోట కాదు. మరి అన్నిచోట్లా ఒకే లక్ష్యం, ఇంత శాతం రీసైక్లింగ్ అని ఎందుకు పెట్టుకుంటున్నారు?

2014లో కిన్నమన్, షింకుమా, యమమోతో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జపాన్ మున్సిపాలిటీల లెక్కలు తీసి ఒక అధ్యయనం ప్రచురించారు. మున్సిపాలిటీ ఖర్చు, పర్యావరణ నష్టం, ఇళ్లలో జనం పడే శ్రమ, అన్నీ కలిపి చూస్తే సమాజానికి అతి తక్కువ ఖర్చయ్యే రీసైక్లింగ్ శాతం పది దగ్గర తేలింది. అప్పటికి జపాన్‌లో జరుగుతున్నది దానికి రెట్టింపు. సున్నా కాదు, యాభై కాదు, పది. ఆ పదిలో ఎక్కువ భాగం లోహాలు, కొన్ని రకాల కాగితం ఉండాలన్నది కిన్నమన్ మాట. ఇనుపసామాను గారు చెప్పినదానికి ఇది సరిపోతోంది కదా?

కాబట్టి లోహాలు, అట్టపెట్టెలు తీసుకుని మిగతాది వదిలేయడం పన్ను కట్టేవాళ్లకి న్యాయం అంటాను.

#8 బెల్టుపక్కన

నేను వేరుచేసే ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. లెక్కలు మీరు చెప్పారు, బెల్టు మీద ఏం జరుగుతుందో నేను చెబుతాను.

బండి వచ్చి నేల మీద గుమ్మరిస్తుంది. లోడర్ ఎత్తి బెల్టు మీద పోస్తుంది. మొదట మనుషులు నిలబడి పెద్ద సామాను లాగేస్తారు: తీగలు, బట్టలు, పాడైన బొమ్మలు, పసిపిల్లల డైపర్లు. తర్వాత తిరిగే చక్రాల జల్లెడ వస్తుంది. వరసగా ఇరుసులు, ఒక్కో ఇరుసుకీ బోలెడు చక్రాలు. అట్టముక్కలు పైనుంచి దొర్లుకుంటూ పోతాయి, సీసాలూ డబ్బాలూ సందుల్లోంచి కిందికి జారతాయి. ఆ తర్వాత అయస్కాంతం ఉక్కుని లాగుతుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కాబట్టి దానికి ఎడ్డీ కరెంట్ యంత్రం ఉంటుంది. వేగంగా తిరిగే అయస్కాంతాల రోటర్ దగ్గరికి రాగానే క్యాన్ ఎవరో తన్నినట్టు ఎగిరి అవతలి గుంటలో పడుతుంది. ప్లాస్టిక్ రకాన్ని కనిపెట్టడానికి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు, రకం తేలగానే గాలి ఊది పక్కకి నెట్టే సన్నటి గొట్టాలు.

ఇంత ఏర్పాటునీ ఆపేది ఏంటో తెలుసా? పల్చటి క్యారీ బ్యాగ్. జల్లెడ ఇరుసులకి చుట్టుకుంటుంది. ఒకటి చుట్టుకుంటే దానికి ఇంకోటి తగులుకుంటుంది. కాసేపటికి చక్రాల మధ్య సందులు పూడిపోయి, కాగితమూ సీసాలూ కలిసి ఒకే వైపు పోతుంటాయి. అప్పుడు లైను మొత్తం ఆపి, కరెంటు కట్ చేసి, స్విచ్‌కి తాళం వేసి, మనిషి ఆ ఇరుసుల మధ్యకి దిగి కత్తితో కోసి పీకాలి. ప్రతి షిఫ్టులో జరిగే పనే ఇది. అంతసేపూ ప్లాంటులో మిగతావాళ్ల జీతం నడుస్తూనే ఉంటుంది, సరుకు మాత్రం కదలదు. పదహారణాలు గారు అడిగిన డబ్బులో ఒక ముక్క అక్కడ పోతోంది.

రెండోది లిథియం బ్యాటరీలు. బొమ్మల్లో, పాత ఫోన్లలో ఉండిపోయి వస్తాయి. లోడర్ బకెట్ కింద నలిగితే నిప్పు. చుట్టూ కాగితం కుప్పలు. మా రంగంలో అందరికీ ఉండే పెద్ద టెన్షన్ ఇదే.

నల్ల ప్లాస్టిక్ ట్రేలు మా ఇన్‌ఫ్రారెడ్‌కి కనబడవు. వాటికి వేసే కార్బన్ బ్లాక్ రంగు కిరణాన్ని మింగేస్తుంది. రకం తెలియక అవి చివరికి మిగులు చెత్తలోకే పోతాయి. ఇళ్లలో కడిగి, తుడిచి, జాగ్రత్తగా వేసినవాళ్లు ఎంతోమంది ఉంటారు.

అన్నీ ఒకే డబ్బాలో వేయమంటే సేకరణ చవక, మా దగ్గర ఖర్చు ఎక్కువ. వేర్వేరుగా వేయమంటే దీనికి తలకిందులు. ఒకే డబ్బా పద్ధతిలో గాజు బండిలోనే పగిలి పెంకులు కాగితంలో దిగబడతాయి. అప్పుడు రెండూ చెడతాయి.

#9 వానచినుకు

మీ పోస్ట్ చదివాక ఒక సందేహం. డబ్బా అడుగున బాణాల త్రికోణం, లోపల అంకె ఉంటాయి కదండీ. అది ఉంటే రీసైకిల్ అవుతుందనే కదా అర్థం? నేను అది చూసే వేస్తున్నాను.

#10 కొలబద్ద

కాదండీ. ఆ అంకె ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుంది, అంతే. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన గుర్తులవి. 1 అంటే పెట్, నీళ్ల సీసాలు. 2 అంటే గట్టి పాలిథిలిన్, షాంపూ డబ్బాల్లాంటివి. ఈ రెంటికీ మార్కెట్ ఉంది. కొన్నిచోట్ల 5కి కూడా. 3, 6, 7 చాలాచోట్ల ఎవరూ కొనరు. 3 అంటే పీవీసీ. అది పెట్‌తో పాటు కొద్దిగా కలిసినా కరిగించేటప్పుడు ఆమ్లం విడుదలై మొత్తం సరుకుని పాడుచేస్తుంది. రీసైక్లింగ్‌కి వాడే బాణాల గుర్తుని తెచ్చి అన్నిటి మీదా వేయడం వల్ల మీలాంటివాళ్లు లక్షలమంది అన్నీ ఆ డబ్బాలో వేస్తున్నారు. ఇది జనం తప్పు కాదు. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, నిజంగా రీసైకిల్ కాని వాటి మీద ఆ బాణాలు వేయకుండా కట్టడి చేసింది.

ఫలితం ఏంటో 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. 2015 దాకా ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం డంపుల్లోనో, బయట నేలమీదా నీళ్లలోనో ఉంది.

ఇక పన్ను కట్టేవాళ్ల మాట. ఎవరికి లాభమో ఎవరికి ఖర్చో ఒకసారి చూడండి. ఐదు పొరల ప్యాకెట్ తయారుచేసే కంపెనీకి అది చవక. దాన్ని ఎత్తడం, వేరుచేయడం, ఎవరూ కొనకపోతే పూడ్చడం మున్సిపాలిటీ నెత్తిన. ఎలాంటి ప్యాకింగ్ వాడాలో నిర్ణయించేవాళ్లకి ఆ బిల్లే రాదు. రానప్పుడు మారుస్తారా?

జర్మనీ 1991లో ఈ బిల్లుని తిప్పి పంపింది. ప్యాకింగ్‌ని మార్కెట్‌లోకి వదిలిన కంపెనీలే దాని సేకరణకీ రీసైక్లింగ్‌కీ డబ్బు కట్టాలని చట్టం చేసింది. బరువుని బట్టి, రకాన్ని బట్టి రుసుము. తర్వాత ఎన్నో దేశాలు ఈ దారి పట్టాయి. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న గిట్టుబాటవుతుందా అని కాదు, ఎవరి జేబులోంచి అని.

#11 పదహారణాలు

కొలబద్ద గారూ, కంపెనీ ఆ రుసుముని తన జేబులోంచి కడుతుందా? సరుకు ధరలో కలిపేస్తుంది. చివరికి కట్టేది మనమే. పన్నుకి ఇంకో పేరు పెట్టినట్టు ఉంది.

#12 కొలబద్ద

మనమే కడతాం. కానీ వాడినవాళ్లు వాడినంతకి కడతారు. ఎక్కువ ప్యాకింగ్ కొనేవాళ్లు ఎక్కువ, తక్కువ కొనేవాళ్లు తక్కువ. ఇప్పుడైతే అందరూ కలిసి కడుతున్నాం. పొదుపుగా బతికే ఇంటివాళ్లు పక్కింటి ప్యాకెట్లకి కూడా పన్ను కడుతున్నారు. పన్ను కట్టేవాళ్ల పక్షాన మాట్లాడే మీకు ఇది నచ్చాలే!

#13 బ్యాలెన్స్‌షీట్

ఇంకో పద్ధతి డిపాజిట్. సీసా కొన్నప్పుడు కొంత అదనంగా కట్టి, ఖాళీ సీసా తిరిగిచ్చినప్పుడు వెనక్కి తీసుకోవడం. అమెరికాలో మొదట 1971లో ఒరెగాన్ రాష్ట్రం ఈ చట్టం చేసింది. 5 సెంట్ల డిపాజిట్ దశాబ్దాలపాటు మారలేదు, దాని విలువ కరిగిపోయింది, తెచ్చిచ్చేవాళ్లు తగ్గారు. 2017లో 10 సెంట్లు చేశాక మళ్లీ పెరిగారు. జర్మనీలో 25 యూరో సెంట్లు, నూటికి తొంభైకి పైగా సీసాలు వెనక్కి వస్తాయి. పైగా శుభ్రంగా, రకం వారీగా వస్తాయి. బెల్టుపక్కన గారు చెప్పిన గందరగోళం ఏదీ ఉండదు.

అయితే మున్సిపాలిటీ ఖాతాలో దీనికో దెబ్బ ఉంది, డిపాజిట్ సమర్థకులు దాన్ని చెప్పరు. ఇంటి డబ్బాలో డబ్బు తెచ్చేవి అల్యూమినియం క్యాన్లు, పెట్ సీసాలు. డిపాజిట్ వాటిని పట్టుకెళ్లిపోతే మున్సిపాలిటీకి మిగిలేది కొనేవాళ్లు లేని సరుకు. బండి ఖర్చు అంతే ఉంటుంది. కాబట్టి డిపాజిట్ పెడితే మిగతా ప్యాకింగ్ బాధ్యత కంపెనీల మీద పెట్టడం కూడా దానితోపాటే జరగాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే నగరం మునుగుతుంది.

#14 తడిమట్టి

అందరూ సీసాలూ డబ్బాల గురించే మాట్లాడుతున్నారు. బరువు ఎక్కడుందో చూశారా? అదే ప్రపంచ బ్యాంకు నివేదికలో ప్రపంచపు మున్సిపల్ చెత్తలో 44 శాతం ఆహార వ్యర్థాలు, ఆకులలములే. ప్లాస్టిక్ 12 శాతం. మీథేన్ తయారయ్యేది కుళ్లేవాటి నుంచి, ప్లాస్టిక్ నుంచి కాదు. పూడ్చిన ప్లాస్టిక్ అలాగే పడి ఉంటుంది. మీథేన్ మాత్రం వందేళ్ల లెక్కన చూసినా కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకి పైగా వేడి పెంచుతుంది. డంపులు రోజుల తరబడి తగలబడడానికీ ఆ వాయువే కారణం.

పైగా తడి చెత్త కలవకపోతే పొడి చెత్త దానంతటదే శుభ్రంగా ఉంటుంది. కాగితం నాననే నానదు. ప్లాంటులో వేరుచేసే పని బాగా తగ్గుతుంది. దక్షిణ కొరియా 2005లో ఆహార వ్యర్థాలని డంపుల్లో పూడ్చడం నిషేధించింది. పన్నుల డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే తడి చెత్త విడదీయడం మీదే పెట్టమంటాను.

#15 బ్యాలెన్స్‌షీట్

తడిమట్టి గారి మాటకి ఒక లెక్క కలుపుతాను. చెత్త ఖర్చులో పెద్ద వాటా ఎప్పుడూ సేకరణదే, తరచూ సగానికి పైన. రీసైక్లింగ్ కోసం రెండో బండి పెట్టి, మామూలు బండిని కూడా పాత పద్ధతిలోనే తిప్పితే ఖర్చు పెరగడమే తప్ప తగ్గదు. ఆదా వచ్చేది మామూలు బండి ట్రిప్పులు తగ్గించినప్పుడే. కానీ తడి చెత్త అందులోనే ఉంటే తగ్గించలేరు, వాసనకి జనం ఊరుకోరు. తడి చెత్త విడిగా పోతే మిగిలిన చెత్త కొన్నాళ్లు ఆగినా ఏం కాదు. చాలా నగరాలు తడి చెత్తకని మూడో బండి కొన్నాయి, మొదటి బండి టైంటేబుల్ మాత్రం మార్చలేదు. తర్వాత "రీసైక్లింగ్ ఖరీదైనది" అని నివేదిక రాసుకున్నాయి.

#16 రెండోఅంతస్తు

చెత్త వేసినంతకి డబ్బు కట్టించుకుంటే జనమే తగ్గిస్తారు కదా? కొరియాలో 1995 నుంచి ప్రత్యేక సంచులు కొనుక్కుని వాటిలోనే చెత్త వేయాలని విన్నాను. అయితే నాకు రెండు భయాలున్నాయి. చిన్న ఆదాయం, పెద్ద కుటుంబం ఉన్నవాళ్ల మీద ఇది భారం. ఇంకోటి, డబ్బు తప్పించుకోవడానికి రాత్రిపూట ఖాళీ స్థలంలో విసిరేస్తారు.

#17 తడిమట్టి

మీరు విన్నది నిజమే. రీసైక్లింగ్ సరుకుకి సంచి డబ్బు ఉండదు, మిగతాదానికే ఉంటుంది. అందుకే విడదీస్తారు. చిన్న ఆదాయాలవాళ్లకి కొన్ని సంచులు ఉచితంగా ఇవ్వొచ్చు. విసిరేయడం మాత్రం నిజమైన సమస్యే. నిఘాకి కూడా బడ్జెట్ పెట్టాల్సి వస్తుంది.

#18 కాగితంపడవ

ఇక్కడ ఇంతసేపు చెప్పిన ఖర్చులన్నీ చెత్తబుట్ట దగ్గర మొదలవుతున్నాయి. వస్తువు తయారైన చోట అయిన ఖర్చుని ఎవరూ తలవలేదు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలేది ఎర్ర బురద, ఘాటైన క్షారం. 2010 అక్టోబర్‌లో హంగరీలోని అయ్కా దగ్గర ఆ బురద నిల్వచేసిన చెరువు గట్టు తెగింది. ఊళ్ల మీద పడి పదిమంది చనిపోయారు. ఒళ్లు కాలి ఆసుపత్రుల పాలైనవాళ్లు ఎందరో. ఆ నష్టం ఏ నగరపు చెత్త బడ్జెట్‌లోనూ కనబడదు, క్యాన్ ధరలోనూ కనబడదు. నేను డబ్బుతో తూచొద్దన్నది అందుకు. తూచేవాళ్ల తక్కెడలోకి కొన్ని ప్రాణాలు రావడమే లేదు.

#19 ఇనుపసామాను

నిజమే కాగితంపడవ గారూ. ఇంకొకరు కూడా ఆ తక్కెడలోకి రారు. ఎన్నో దేశాల్లో ఇంటింటికీ తిరిగి, డంపుల మీద ఎక్కి దిగి, తుక్కు ఏరి అమ్ముకు బతికేవాళ్లు. పన్ను కట్టేవాళ్ల మీద పైసా భారం లేకుండా రీసైక్లింగ్ చేస్తున్నది వాళ్లే. మార్కెట్ ఉన్నవే ఏరతారు కాబట్టి గిట్టుబాటు లెక్క వాళ్లకి చేతివేళ్ల మీద ఉంటుంది. నగరం కొత్త ప్లాంటు పెట్టి, ఎవరికో కాంట్రాక్టు ఇచ్చి, వీళ్లని గేటు బయట నిలబెడితే పని చేసేవాళ్లు పోయారు, ఖర్చు మాత్రం వచ్చింది. చేతికి తొడుగులు, గుర్తింపు కార్డు, తూకంలో న్యాయం, వైద్యం. అంతకన్నా తక్కువ ఖర్చుతో అంత సరుకు వెనక్కి తెచ్చే పథకం ఇన్నేళ్లలో నేను చూడలేదు.

#20 పదహారణాలు

ఇది బాగుంది. గాజు మీదా, పలుచటి ప్లాస్టిక్ మీదా నా అభిప్రాయం మారలేదు. కొనేవాళ్లు లేనిదాన్ని ఇంటింటికీ తిరిగి సేకరించడం నాకిప్పటికీ దుబారాగానే ఉంది. తడి చెత్తకి డబ్బు పెట్టడానికి మాత్రం నాకేమీ అభ్యంతరం లేదు.

బ్యాలెన్స్‌షీట్ గారికి చివరిగా ఒకటి. మార్కెట్ ధర పడిపోయినప్పుడు ఆ నష్టం నగరం మీద పడకుండా ఉండాలంటే కాంట్రాక్టులో ఏం రాసుకోవాలి? 2018లో దెబ్బతిన్నవాళ్లకీ తట్టుకున్నవాళ్లకీ తేడా అక్కడే ఉందనిపిస్తోంది.

#21 బ్యాలెన్స్‌షీట్

అక్కడ కూడా ఉంది. ఏటా టెండరు పిలిచే నగరానికి ఆ ఏటి ధరే గతి. న్యూయార్క్ 2002 నాటి ఆ ఎదురుదెబ్బ తర్వాత ఇరవై ఏళ్ల ఒప్పందానికి వెళ్లింది. అంతకాలం సరుకు వస్తుందన్న భరోసాతో కంపెనీ బ్రూక్లిన్ ఒడ్డున ప్లాంటు కట్టింది, 2013 చివర్లో తెరిచింది. ఒక టన్ను వేరుచేయడానికి స్థిరమైన రుసుము ఒకటి, సరుకు అమ్మకంలో వాటా విడిగా ఒకటి పెట్టుకోవాలి. ఈ రెండూ కలిపి "ఉచితంగా తీసుకెళ్తాం" అనే కాంట్రాక్టరు దగ్గర జాగ్రత్త. ధర బాగున్నంతకాలం ఉచితం, పడిపోగానే బండి రాదు.

ఇంకో షరతు: ప్లాంటు నుంచి ఏ సరుకు ఎవరికి పోయిందో తూకం చీటీలతో నగరానికి చూపించాలి. ప్రమాదకర వ్యర్థాలని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం మీద కట్టడి పెట్టే బాసెల్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2019లో సవరించి, 2021 నుంచి మురికి ప్లాస్టిక్‌ని దిగుమతి దేశం అనుమతి లేకుండా పంపకూడదన్నారు. చీటీలు లేకపోతే మీ ఇంటి డబ్బాలోది ఏ దేశపు పొలంలో తేలిందో మీకెప్పటికీ తెలియదు.

#22 బెల్టుపక్కన

దానికి ఇది కూడా రాయించండి. వచ్చిన లోడుల్లోంచి ఏదో ఒకటి ముందుగా చెప్పకుండా పక్కన పోయించి, నగరం మనిషి, ప్లాంటు మనిషి ఇద్దరూ నిలబడి చేత్తో విడదీసి తూచాలి. మురికి ఎంత శాతమో ఆ కాగితం మీదే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఏ వీధి బండిలో ఏం వస్తోందో అప్పుడే తెలుస్తుంది. ఆ వీధికి వెళ్లి చెప్పొచ్చు. లేకపోతే ధర పడినప్పుడల్లా "మీ సరుకు మురికి" అని కంపెనీ అంటుంది, "మా జనం శుభ్రంగానే వేస్తున్నారు" అని నగరం అంటుంది, గొడవ తెగదు. వానచినుకు గారూ, మీకు ఒక్క మాట: పెట్ సీసా మూత బిగించే వేయండి, విడిగా వేస్తే మూత జల్లెడలో పడిపోతుంది. క్యారీ బ్యాగ్‌లో కట్టి మాత్రం వేయకండి.